అనుకున్నాను గానీ...

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. పింఛను దయతో వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని సుప్రీంకోర్టు 1982లో ఇదే రోజున తీర్పు చెప్పింది. ఆ విషయం మాట్లాడడానికి నాకన్నా అర్హులు ఈ వేదిక మీద ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు ఇంగ్లీషు వ్యాకరణం మీద కాసేపు మాట్లాడమన్నారు. భోజనాల ముందు వ్యాకరణం ఏమిటండీ అన్నాను. "ఆదివారాలు మనవళ్లకు చెబుతున్నదేదో తాతలకు కూడా చెప్పండి" అన్నారు. కాదనలేకపోయాను.

ముందుగా ఒక మనవి. నేను ఇంగ్లీషు మేష్టారిని కాను. 1971లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2007లో సూపరింటెండెంటుగా రిటైరైన ఫైళ్ల మనిషిని. నాకు వచ్చిన ఇంగ్లీషంతా నేను రాసిన డ్రాఫ్టును ఆఫీసర్లు ఎర్రసిరాతో కొట్టేస్తూ ఉంటే నేర్చుకున్నదే. ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పలేను గానీ, ఎక్కడ ఎర్రగీత పడుతుందో మాత్రం చెప్పగలను. ఆ పెట్టుబడితోనే మన సంఘం గదిలో ఆదివారం ఉదయం పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పాఠం చెబుతున్నాను.

ఈ మధ్య ఒక ఆదివారం పిల్లలకు ఒక చిన్న వాక్యం ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చమన్నాను. "నిన్న నీ దగ్గరికి వద్దామనుకున్నాను." అంతే. పద్నాలుగు మంది పిల్లల్లో పదకొండు మంది "ఐ థాట్ టు కమ్ టు యూ ఎస్టర్‌డే" అని రాశారు. నాకు నవ్వు వచ్చింది. పిల్లలను చూసి కాదు. యాభై ఏళ్ల కిందట నేను రాసిందీ అదే.

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. ఒక నెలవారీ స్టేట్‌మెంటు గడువులోగా పంపలేకపోయాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. రాత్రంతా కూర్చుని జవాబు తయారు చేశాను. గడువులోగానే పంపుదామనుకున్నాను అన్న అర్థం వచ్చేలా "ఐ థాట్ టు సబ్‌మిట్ ది స్టేట్‌మెంట్ ఇన్ టైమ్" అని రాశాను. మా ఆఫీసరు గారు ఆ 'థాట్' అనే మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, నన్ను పిలిచి నిలబెట్టారు. "ఏమోయ్, నువ్వు అనుకున్న సంగతి ఫైలుకి తెలుసా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. ఆయనే ఆ మాట కొట్టేసి "హాడ్ ఇంటెండెడ్ టు" అని దిద్ది, సంతకం పెట్టించుకున్నారు. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గర ఉండిపోయింది. దాని సంగతి చివర మళ్లీ చెబుతాను.

ఇక పాఠంలోకి వద్దాం. తెలుగులో 'అనుకున్నాను' అనే మాట రెండు పనులు చేస్తుంది. "వాన పడుతుందనుకున్నాను" అంటే అది నా ఊహ. దానికి ఇంగ్లీషులో "ఐ థాట్ ఇట్ వుడ్ రెయిన్" అనడం సరైనదే. "వద్దామనుకున్నాను" అంటే అది నా ఉద్దేశం. అక్కడ 'థాట్ టు' పనికిరాదు. ఉద్దేశం ఉండి, పని జరగని సందర్భాలకు ఇంగ్లీషువాడు వేరే సామాను పెట్టుకున్నాడు. అందులో ముఖ్యమైనవి నాలుగు చెబుతాను.

మొదటిది 'వాజ్ గోయింగ్ టు'. రోజూ ఇంట్లో మాట్లాడుకునే తీరు ఇది. "ఐ వాజ్ గోయింగ్ టు ఫోన్ యూ, బట్ ఐ ఫర్‌గాట్." ఫోన్ చేద్దామనుకున్నాను గానీ మరిచిపోయాను. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 'వాజ్ గోయింగ్ టు' అన్నంత మాత్రాన పని జరగలేదని తేలిపోదు. ఆ తర్వాత 'బట్' అని ఒక తోక తగిలిస్తేనే తేలుతుంది. అయితే మనిషి 'వాజ్ గోయింగ్ టు' అనగానే ఆ 'బట్' కోసం అవతలివాడు ఎదురుచూస్తాడు. "మీ బాకీ ఇద్దామనే అనుకున్నానండీ..." అని ఎవరైనా మొదలుపెడితే మిగతా వాక్యం మనం వినక్కర్లేదు కదా! అలాగే అన్నమాట.

రెండవది 'వాజ్ టు'. ఇది ఏర్పాటైన కార్యక్రమాలకు వాడతారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే టూర్ ప్రోగ్రాం ఖాయమైందన్నమాట. "ది మినిస్టర్ వాజ్ టు ఓపెన్ ది బ్రిడ్జ్" అంటే మంత్రి గారు వంతెన ప్రారంభించవలసి ఉంది. ప్రారంభించారో లేదో ఆ వాక్యం చెప్పదు. అదే "వాజ్ టు హావ్ ఓపెన్డ్" అంటే ఇక సందేహం లేదు. ప్రారంభించలేదు. మధ్యలో ఆ చిన్న 'హావ్' వచ్చి కూర్చోగానే పని తప్పిపోయినట్టే. పెద్ద ఉదాహరణ చెబుతాను. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 అనే వ్యోమనౌక చంద్రుడి మీద దిగవలసి ఉంది. దారిలో ప్రాణవాయువు ట్యాంకు పేలింది. చంద్రుడి మాట దేవుడెరుగు, ఆ ముగ్గురూ ప్రాణాలతో తిరిగి రావడమే గొప్ప అయింది. దాని గురించి చెప్పాలంటే "అపోలో థర్టీన్ వాజ్ టు హావ్ లాండెడ్ ఆన్ ది మూన్" అనాలి. లాల్ బహదూర్ శాస్త్రి గారు 1966 జనవరి 10న తాష్కెంటులో ఒప్పందం మీద సంతకం చేశారు. తెల్లవారేసరికి ఆయన లేరు. "హి వాజ్ టు హావ్ రిటర్న్‌డ్ హోమ్." ఎంత చిన్న వాక్యమో చూడండి. ఆ రోజు రేడియో ముందు కూర్చున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. వారికి ఇంకేమీ వివరించనక్కర్లేదు.

మూడవది మా ఆఫీసరు గారు నాకు దిద్దిపెట్టినది. 'హాడ్ ఇంటెండెడ్ టు', 'హాడ్ మెంట్ టు', 'హాడ్ ప్లాన్డ్ టు', 'హాడ్ హోప్డ్ టు'. "ఐ హోప్డ్ టు కమ్" అంటే రావాలని ఆశపడ్డాను. వచ్చానో లేదో తెలియదు. "ఐ హాడ్ హోప్డ్ టు కమ్" అంటే ఆశపడ్డాను గానీ రాలేకపోయాను అనే సాధారణంగా అర్థం చేసుకుంటారు. పెళ్లికి రాలేకపోయినవారు రాసే ఉత్తరానికి ఇది మర్యాదైన వాక్యం. కొందరు ఇంకొంచెం ఉత్సాహపడి "ఐ హాడ్ హోప్డ్ టు హావ్ కమ్" అని రెండు చోట్లా ముడివేస్తారు. ఒక ముడి చాలు. రెండో ముడి వేస్తే ఎర్రగీత పడుతుంది.

నాలుగవది 'షుడ్ హావ్', 'వుడ్ హావ్'. "ఐ షుడ్ హావ్ గాన్" అంటే వెళ్లాల్సింది, వెళ్లలేదు. "ఐ వుడ్ హావ్ గాన్" అంటే వెళ్లి ఉండేవాణ్ణి, ఏదో అడ్డు వచ్చింది. మొదటిదానిలో తప్పు నాది. రెండోదానిలో తప్పు అడ్డు వచ్చినదానిది. మనం సంజాయిషీలన్నీ రెండోదానిలోనే రాస్తాం. అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు మాత్రం మొదటిదానిలో ఆలోచిస్తాం.

ఇక్కడ మన తెలుగు గొప్పతనం కూడా చెప్పాలి. "వెళ్లాల్సింది" అంటే వెళ్లలేదని. "వెళ్లాల్సి వచ్చింది" అంటే ఇష్టం లేకపోయినా వెళ్లానని. ఒక్క 'వచ్చింది' చేరేసరికి అర్థం అడ్డం తిరిగింది. ఇంగ్లీషులో మొదటిది 'షుడ్ హావ్ గాన్', రెండోది 'హాడ్ టు గో'. పిల్లలు ఈ రెంటినీ కలిపేస్తుంటారు. మీ ఇళ్లలో చదువుకునే పిల్లలుంటే తెలుగు వాక్యం ముందు చెప్పి, ఆ తర్వాత ఇంగ్లీషు చెప్పండి. ఒక్కరోజులో పట్టుబడుతుంది. ఇది నా అనుభవం.

అయితే పిల్లలు 'థాట్ టు' అని ఎందుకు రాస్తారు? ఈ ప్రశ్న నేను చాలాకాలం వేసుకోలేదు. ఆ ఆదివారం పాఠం అయ్యాక ఒక అమ్మాయి అడిగింది. "తాతగారూ, అనుకోవడం అంటే అసలు ఏమిటండీ?" అని. నల్లబల్ల మీద రాసి చూపించాను. అను, కొను. అనడం అంటే చెప్పడం. 'కొను' చేరితే ఆ పని తనకోసమో, తనలో తానో చేసుకోవడం. వండుకోవడం అంటే తనకోసం వండడం. అనుకోవడం అంటే తనతో తాను అనడం. రాసి, నా రాత నేనే చూస్తూ నిలబడిపోయాను. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను.

ఎందుకు ఆపానో చెప్పడానికే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ముందు ఒక మిత్రుడి సంగతి. మా సెక్షనులో నా పక్క కుర్చీ ఆయనది. ఇంకొకరి సర్వీసు పుస్తకంలో ఒక అక్షరం తేడా ఉన్నా పట్టుకునేవారు. ఆయన పింఛను కాగితాల్లో భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో పడింది. ఆధార్‌లో, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉంది. ఆయనకు ఆ సంగతి తెలుసు. నాతో రెండుసార్లు అన్నారు కూడా, మార్పించాలండీ అని. ఆమెతో మాత్రం అనలేదు. ఆయన పోయాక ఆమె కుటుంబ పింఛను కోసం వెళితే ఇద్దరూ ఒక్కరేనని రుజువు చూపమన్నారు. ఏ కాగితం ఎక్కడుందో ఆమెకు తెలియదు. ఎనిమిది నెలలు తిరిగింది. చివరకు మన సంఘం వాళ్లం వెంటబడి పని పూర్తి చేయించాం. ఆ ఎనిమిది నెలల్లో ఆమె నాతో ఒక్కటే మాట అంది. "ఆయన ఇంత నిర్లక్ష్యం మనిషి కాదన్నయ్యా!" నిజమే. నిర్లక్ష్యం మనిషి కాదు. 'హాడ్ ఇంటెండెడ్ టు' మనిషి. కానీ ఆమె వైపు నుంచి చూస్తే ఆ రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది?

రెండోది నా సంగతి.

మా అక్కయ్య నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. రాజోలు దగ్గర ఒక లంక గ్రామంలో ఇచ్చారు. నా డిగ్రీ ఆఖరి సంవత్సరం మా నాన్నగారు మంచాన పడ్డారు. పరీక్ష ఫీజు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదు. అక్కయ్య పండక్కి పుట్టింటికి వచ్చి, వెళ్లేటప్పుడు చేతి గాజులు రెండు తీసి నా పుస్తకాల మధ్య పెట్టి వెళ్లింది. "బావగారికి నేను చెప్పుకుంటాలే. నువ్వు పరీక్ష రాయి" అంది. తాకట్టు పెట్టాను. పరీక్ష ఫీజు కట్టాను, టైపు నేర్చుకున్నాను. గాజులు విడిపించలేకపోయాను. వేలంలో పోయాయి.

ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే అక్కయ్యకు గాజులు చేయిద్దామనుకున్నాను. నాన్నగారి వైద్యం బాకీలు అడ్డం వచ్చాయి. పీఆర్సీ బకాయిలు వచ్చినప్పుడు అనుకున్నాను. ఇంటి పునాది అడ్డం వచ్చింది. అమ్మాయి పెళ్లికి నగలు చేయిస్తున్నప్పుడు కంసాలి ముందు కూర్చుని అనుకున్నాను. చెబుదామని నోటిదాకా వచ్చి, కట్నం లెక్క గుర్తొచ్చి ఆగిపోయింది. 2007లో గ్రాట్యుటీ చేతికి రాగానే ఈసారి తప్పదనుకున్నాను. అబ్బాయి ఫ్లాటు కొంటున్నాడు, కాస్త సర్దమన్నాడు. అడ్డం వచ్చినవేవీ అబద్ధాలు కావు. ప్రతిదానికీ రసీదు ఉంది.

2012లో అక్కయ్య పోయింది. రాత్రి పడుకుని పొద్దున లేవలేదు.

పెద్దకర్మ అయ్యాక మా మేనకోడలు ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నేను అక్కయ్యకు రాసిన ఇన్‌లాండు లెటర్లు. దారం కట్టి, తారీఖుల వరసన దాచిపెట్టింది. నాకన్నా ఫైలింగు బాగా తెలిసిన మనిషి! అరుగు మీద కూర్చుని మధ్యాహ్నమంతా చదివాను. ట్రాన్స్‌ఫర్ గురించి రాశాను. పిల్లల మార్కుల గురించి రాశాను. గోదావరి వరద తగ్గిందా అని అడిగాను. ఒక్క ఉత్తరంలోనూ గాజుల మాట లేదు. చేయించాక చూపించి సంతోషపెడదాం, ముందే చెప్పి ఊరించడం ఎందుకు అని ఊరుకున్నాను.

మేనకోడలిని అడిగాను. "అమ్మా, ఆ గాజుల సంగతి అమ్మ ఎప్పుడైనా అనేదా?" అని. ఆ పిల్ల మొహమాటపడింది. తర్వాత చెప్పింది. "ఒకసారి నేనే అడిగాను మావయ్యా. పోనీలేవే, తమ్ముడు ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు, గుర్తు చేస్తే వాడు బాధపడతాడు అంది."

నలభై ఏళ్లపాటు నేను మరిచిపోయిన నెల లేదు. కానీ మరిచిపోయిన తమ్ముడికీ, ప్రతి నెలా అనుకున్న తమ్ముడికీ అక్కయ్య దగ్గర ఒకే ఖాతా తెరిచి ఉంది. తప్పు ఆమెది కాదు. నేను అన్నవన్నీ నాతోనే అన్నాను. నువ్వు అనుకున్న సంగతి ఫైలుకి తెలుసా అని మా ఆఫీసరు గారు అడిగింది వ్యాకరణం గురించేనని అప్పటిదాకా అనుకున్నాను.

తర్వాత మేనకోడలి కూతురి పెళ్లికి రెండు గాజులు చేయించి ఇచ్చాను. ఎందుకు ఇస్తున్నానో అందరి ముందూ చెప్పి ఇచ్చాను. బాకీ తీరిందని మాత్రం చెప్పను. ఇంగ్లీషు వ్యాకరణంలో 'హాడ్ మెంట్ టు' అని రాశాక దాన్ని వెనక్కి తీసుకోవడానికి వేరే రూపం లేదు. ఉన్నట్టయితే నాకు ఇంతవరకు కనిపించలేదు.

సోదరులారా, సోదరీమణులారా! మీ అందరికీ ఇలాంటి వాక్యం ఒకటైనా ఉంటుంది. వయసు వచ్చినవాళ్లం, ఉండకపోతే ఆశ్చర్యం. అవన్నీ పూర్తి చేయమని నేను చెప్పడం లేదు. డబ్బు చాలకపోవచ్చు, మోకాళ్లు సహకరించకపోవచ్చు, అవతలి మనిషి లేకపోవచ్చు. నా విజ్ఞప్తి చాలా చిన్నది. అనుకున్నదాన్ని 'అనండి'. ఎవరి కోసం అనుకున్నారో వారితో అనండి. మా అక్కయ్యతో "నీ గాజుల సంగతి నాకు గుర్తుంది, ఈ సంవత్సరం కూడా కుదరలేదు" అని ఏ ఇన్‌లాండు లెటర్లో రాసినా, గాజులు లేకపోయినా ఆవిడ ఆ ఉత్తరాన్ని డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టుకునేది.

ఇంటికి వెళ్లాక ఇంకో పని కూడా చేయండి. మీ పీపీఓ తీసి, భార్యాభర్తలిద్దరూ కలిసి చూడండి. పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు కాగితాలు, ఆధార్ అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి సరిచూడండి. తేడా ఉంటే మీరు ఉండగానే దరఖాస్తు పెట్టండి. నామినేషన్లు ఎవరి పేరున ఉన్నాయో, కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఇంట్లో చెప్పండి. సాయం కావాలంటే ఆదివారం ఉదయం నేను సంఘం గదిలోనే ఉంటాను. ఒకవైపు పిల్లలు రాసుకుంటూ ఉంటారు, ఇంకోవైపు మన కాగితాలు మనం చూసుకుందాం.

చివరిగా పాఠంలో మిగిలిన ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. 'ఐ వాజ్ గోయింగ్ టు' అనే వాక్యంలో 'వాజ్' తీసేసి 'ఆమ్' పెడితే 'ఐ ఆమ్ గోయింగ్ టు' అవుతుంది. చేయబోతున్నాను అని. మార్చాల్సింది ఒక్క మాటే. అవతలి మనిషి ఇంకా వినగలిగిన రోజుల్లోనే ఆ మార్పు చెల్లుతుంది.

భోజనాలు చల్లారిపోతున్నాయి.